గీత తప్పని నాలుగు వాటాల ఇల్లు

గుండ్లవాగులో తెలివైన వాళ్ళెవరని అడిగితే ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటారు. మజ్జి వారింట్లో మాత్రం ఇంటిల్లిపాది పేర్లూ చెబుతారు, ఇంకా టైముంటే గేదె పేరు కూడా కలుపుతారు.

"ఊళ్ళో జనం రాసిందొకటి చదువుతారు, ఇంకోటేదో అనుకుంటారు, చివరికి మూడోది చేస్తారు. మనం అలగ కాదు. రాసింది రాసినట్టు చేస్తాం. మన తెలివంతా అక్కడే ఉంది" అంటుంది వాళ్ళమ్మ పైడితల్లి.

ఆ తెలివికి మచ్చుతునక పెద్దకొడుకు దాలినాయుడు. ఓసారి బస్సులో 'తల, చేతులు బయట పెట్టరాదు' అని రాసి ఉండటం చదివాడు. ఊరొచ్చింది, దిగవయ్యా అన్నాడు కండక్టరు. "కాళ్ళు దింపుతాను. తలా చేతులూ ఎలగ దింపను? నువ్వే రాయించి నువ్వే తప్పమంటావేటి?" అన్నాడు దాలినాయుడు. ఇంకేముంది, బస్సు డిపోకి పోయింది, తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. కండక్టరు ఆ అక్షరాల మీద సున్నం పూశాక గానీ మనిషి దిగలేదు. ఇంటికొచ్చి, "ఇవాళ నా ఒక్కడి వల్ల రూలు బతికింది" అన్నాడు. ఇల్లంతా చప్పట్లు.

దాలినాయుడి పెళ్ళాం పరదేశమ్మ. రెండోవాడు గౌరునాయుడికి పెళ్ళి కాలేదు. మూడోవాడు తవిటినాయుడు, అతని పెళ్ళాం అసిరమ్మ. అసిరమ్మకి నెలలు నిండాయి. తుపానుకి వాళ్ళ పెంకుటిల్లు కూలిపోయి, ఆర్నెల్లుగా ఇంటిల్లిపాదీ ధాన్యం గోడౌనులో బతుకుతున్నారు. రేకులకి చిల్లులు, మూలమూలా ఎలకలు. వానలు మొదలైతే మనుషులకి ముందు బస్తాలకి చోటు కావాలి, ఖాళీ చెయ్యమని గోడౌను వాళ్ళు చెప్పేశారు.

అసిరమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని తేల్చి చెప్పింది. "వానలొచ్చేలోగా, నొప్పులొచ్చేలోగా, నాకు స్లాబు కావాల. బిడ్డ మొహమ్మీద చుక్క నీరు పడిందా, నేను పుట్టింటికి పోతాను. బిడ్డని కూడా అట్టుకుపోతాను."

"బిడ్డనెందుకూ?" అన్నాడు తవిటినాయుడు.

"లోపలుంది కదా మరి!"

దాంతో అందరికీ సంగతి ఎంత ముదిరిందో అర్థమైంది. కూలిన ఇంటి స్థలంలోనే కిందా పైనా నాలుగు వాటాలతో ఇల్లు కట్టాలనుకున్నారు. తల్లికొకటి, కొడుకులకి మూడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రమంతటికీ కలిపి చిన్న చిన్న వాటాల ఇళ్ళకి ఒకే నిబంధనల పుస్తకం వచ్చింది. రావాల్సిందే. అంతకుముందు ఒక మున్సిపాలిటీలో మెట్లు మూరెడు వెడల్పుంటే చాలనేవారు. పక్క మున్సిపాలిటీలో అసలు మెట్లున్నాయో లేదో చూసేవారే కాదు. మేడ మీద పోయినవాళ్ళని కిటికీలోంచి తాళ్ళు కట్టి దింపిన ఇళ్ళున్నాయి. మీరే చెప్పండి, అలాంటి ఇంట్లో మనిషి నిమ్మళంగా చావగలడా? అందుకని మంచి బుద్ధితో మంచి రూళ్ళు రాశారు. కాకపోతే ఆ రాసినవాళ్ళెవరూ మజ్జి వారిని చూడలేదు.

గుండ్లవాగు టౌన్ ప్లానింగ్ ఆఫీసరు హైమవతి కూడా అప్పటికింకా చూడలేదు. పుస్తకం దాలినాయుడి చేతిలో పెట్టి, "ఇందులో ఉన్నట్టు కడితే నేనే వచ్చి సర్టిఫికెట్టిస్తాను. అది లేకుండా మాత్రం ఇంట్లో కాపురం పెట్టకూడదు" అంది.

"మేడం, మాకు చెప్పాలా?" అని నవ్వాడు దాలినాయుడు.

మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. 'ఈ నిబంధనలు వేర్వేరు కుటుంబాలు నివసించే ఇళ్ళకు వర్తిస్తాయి' అని ఉంది.

"మనది ఒక్కటే కుటుంబం. మనకి వర్తించవు" అన్నాడు దాలినాయుడు నీరసంగా.

"అయితే వేరు పడదాం" అన్నాడు గౌరునాయుడు.

"గొడవ లేకుండా వేరు పడితే ఊళ్ళో ఎవరు నమ్ముతారు?"

అంతే, ముగ్గురూ గొడవకి బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

దాలినాయుడు మొదలెట్టాడు. "ఒరే గౌరూ, నా మామిడికాయ నువ్వు తిన్నావు!"

"నువ్వే ఇచ్చావు కదన్నా."

"అవును కదూ. తియ్యగా ఉందా?"

"పులుపన్నా."

"అయ్యో, ఇంకోటి తెస్తానుండు."

గొడవ అక్కడితో పాడైపోయింది. మగాళ్ళకి చేతకాదని పరదేశమ్మ కొంగు బిగించింది. "ఒలే అసిరీ, నా చీర కట్టుకున్నావేటే?" అని అరిచింది. "పొట్టకి పట్టడం నేదని నువ్వే కదక్కా ఇచ్చావు" అంది అసిరమ్మ. ఇద్దరికీ కళ్ళనీళ్ళొచ్చాయి, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. చివరికి రోజూ కొట్టుకునే పక్కింటి మొగుడూ పెళ్ళాల్ని పిలిచి, తమ తరఫున గొడవ పడమని బతిమాలారు. వాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పడ్డారు. ఆ ఊపులో ఆ ఇల్లాలు నిజంగానే పుట్టింటికి పోయింది. ఆ గొడవకి మజ్జి వారు వేరు పడ్డారు.

అప్పట్నుంచి గోడౌనులో నాలుగు పొయ్యిలు. ఎదురైతే "మీదే ఊరండీ?" అని పలకరింపులు. గౌరునాయుడైతే "మా కుటుంబంలో నేనొక్కణ్ణే. అందుకే మా ఇంట్లో పోట్లాటలుండవు" అని గొప్పలు పోయేవాడు.

రూలు నిలబడింది కదా, ఇంజినీరు చేత ప్లాను గీయించారు. హైమవతి ముద్ర వేసింది. ముద్ర కింద ఒక వాక్యం ఉంది: 'ప్లానులో ఉన్నది ఉన్నట్టే కట్టవలెను. ఒక్క గీత తేడా రాకూడదు.'

ఒక్క గీత! దాలినాయుడు ప్లానుని నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, సన్యాసి మేస్త్రిని పిలిచాడు. సన్యాసి మేస్త్రి ఏది కట్టమంటే అది కట్టే మనిషి. ఎందుకని అడిగితే పని ఆగుతుందని ఆయన భయం.

పునాదులు బాగానే లేచాయి. గోడలూ లేచాయి. తర్వాత దాలినాయుడి చూపు గుమ్మాల దగ్గర పడింది. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియడానికి ఇంజినీర్లు గుమ్మం పక్కన చంద్రవంకలా ఒక గీత గీస్తారు. అలాంటివి ప్లాను నిండా ఉన్నాయి.

"మేస్త్రీ, ఇక్కడ వంకర గీతుంది. నువ్వు వంకర గోడ కట్టలేదు."

"కట్టేస్తాను బాబూ" అన్నాడు సన్యాసి మేస్త్రి.

అంతే, ప్రతి గుమ్మానికీ ఎదురుగా నెలవంక గోడ లేచింది. ఉత్తరం ఎటో చూపించడానికి ప్లానులో ఒక బాణం ఉంటే, పెరట్లో మనిషెత్తు సిమెంటు బాణం పోశారు. గదుల మధ్యలో 'పడక గది', 'వంట గది' అని అక్షరాలుంటే, అంతంత అక్షరాల్ని ఇటుకలతో నేల మీద కట్టారు. 'వంట గది'లో సున్నాలో రోలు కుదురుగా ఇమిడిందని పరదేశమ్మ మురిసిపోయింది. ఇంజినీరు టీ గ్లాసు పెట్టిన చోట కాగితం మీద గుండ్రంగా మరక పడింది. అది హాలు మధ్యకొచ్చింది. దాని మీద అన్నదమ్ములు చాలాసేపు చర్చించి, అది నుయ్యి అని తేల్చి, తవ్వడం మొదలెట్టారు.

హైమవతి పని చూడటానికొచ్చింది. గుమ్మంలోంచి లోపలికి రాబోయి గోడకి కొట్టుకుంది.

"ఇదేంటండీ, గుమ్మానికి అడ్డంగా గోడ?"

"ప్లానులో ఉంది మేడం."

"అది గోడ కాదండీ, తలుపు తిరిగే దారి!"

"దారే కదా మేడం. గోడ నేకపోతే తలుపు దారి తప్పదా?" అన్నాడు గౌరునాయుడు.

హైమవతి నుదురు రుద్దుకుంటూ హాల్లోకొచ్చేసరికి నూతిలోంచి తవిటినాయుడు తల పైకెత్తి, "మేడం, ఇంకా టీ పడలేదు, ఉత్త మట్టే వస్తోంది" అన్నాడు.

"పడగొట్టండి! వంకర గోడలు, బాణం, అక్షరాలు, అన్నీ పడగొట్టండి! ఆ గొయ్యి పూడ్చండి!" అని అరిచింది హైమవతి. తర్వాత కాస్త తగ్గి, "ఇంకో మాట. ఇంటి చుట్టూ వదిలిన స్థలం ఖాళీగా ఉండాలి. రేపు ఏదైనా జరిగితే బండి తిరగాలి, మనుషులు నిలబడాలి. నేను మళ్ళీ వచ్చేసరికి అక్కడ ఒక్క వస్తువు కనపడకూడదు" అంది.

పడగొట్టడానికి బోలెడు రోజులు పోయాయి. ఆకాశంలో ఒకటీ అరా మబ్బులు తిరగడం మొదలైంది. అసిరమ్మ గోడౌను గుమ్మంలో నిలబడి పైన మబ్బుని చూస్తూ, కింద పొట్టని చూసుకుంటూ, "రెండూ నల్లబడతన్నాయి, బరువెక్కతన్నాయి. తొరగా కానీండి" అని కేకలేసేది.

ఇప్పుడు అన్నదమ్ములకి కొత్త దిగులు ఖాళీ స్థలం. మనిషి అందులో అడుగు పెడితే అది ఖాళీ ఎలా అవుతుంది? అంతే, రోడ్డు మీంచి కిటికీ దాకా బల్ల వేసి, దాని మీంచి ఇంట్లోకి దూకడం మొదలెట్టారు. ఇటుకలు విసిరారు. సిమెంటు బస్తాలూ విసరబోయారు గానీ, మొదటి బస్తా సన్యాసి మేస్త్రి మీద పడి ఆయన బూడిద పూసుకున్న నిజం సన్యాసిలా లేవడంతో మానేశారు. గౌరునాయుడు కర్ర పట్టుకుని కాకుల్ని తోలాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంటి నీడొచ్చి ఆ స్థలంలో పడింది.

"అన్నా, నీడ!" అని గుండెలు బాదుకున్నాడు.

నీడని ఊడ్చారు, నీళ్ళు కొట్టారు, బతిమాలారు. పోలేదు. సాయంత్రానికి దానంతటదే పోయింది. "భయం చెప్పాం కదా, మెల్లిగా తెలిసొచ్చింది" అన్నాడు దాలినాయుడు. ఇంతలో పక్కింటి కోడి తాపీగా నడుచుకుంటూ వచ్చి ఖాళీ స్థలం నట్టనడుమ గుడ్డు పెట్టి వెళ్ళింది. దిగి తియ్యడానికి లేదు. వెదురు గెడకి చేపల వల కట్టి, కిటికీలోంచి ముగ్గురూ వంగి, గుడ్డుని వేటాడారు. గుడ్డు పగిలి నేలంతా అయ్యింది. నేల తుడవడానికి నేల మీద దిగకూడదు కదా! తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి తవిటినాయుణ్ణి వేలాడదీస్తే, అతను తలగుడ్డతో తుడిచాడు.

ఎలాగైతేనేం, స్లాబు పడింది. మెట్లు కట్టారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన దిగేంత వెడల్పు మెట్లు, ఊళ్ళో అంత మంచి మెట్లు ఇంకెక్కడా లేవు. నిబంధన ప్రకారం గోడ మీద ఎర్ర రంగు బోర్డు కూడా పెట్టారు: 'నిప్పు అంటుకున్నప్పుడు ఈ మెట్ల మీదుగా దిగండి.'

మేడ మీది గదిలో గాలి ఎలా వస్తోందో చూడమని, మెట్ల సిమెంటు ఆరకముందే పైడితల్లిని నిచ్చెన మీద పైకెక్కించారు. మెట్లు ఆరాక ఆ నిచ్చెన మేస్త్రి తీసుకుపోయాడు. పైడితల్లి కిందికి దిగబోయి బోర్డు చూసింది, ఆగిపోయింది.

"ఒరే దాలీ! నాకు టీ తాగాలనుంది. దిగాలి."

"దిగమ్మా, మెట్లున్నాయి."

"నిప్పు అంటుకోలేదు కదరా!"

అన్నదమ్ములు ముగ్గురూ బోర్డు వైపు చూశారు. అవును, అంటుకోలేదు.

"టీ పైకి పంపమంటావా?"

"మెట్ల మీదుగా దిగమనుంది. ఎక్కమని నేదు. ఎలగ పంపుతావు?"

"అమ్మ తెలివే తెలివి" అని ముగ్గురూ మురిసిపోయారు. కాసేపటికి పైనించి, "ఒరే, మురిసింది చాలు, నాలిక పిడచకట్టుకుపోతంది. ఎవరైనా కాస్త నిప్పెట్టండిరా!" అని కేక వినపడింది.

కన్నతల్లి అడిగింది. ఏ కొడుకు కాదంటాడు? అంతే, రోడ్డు మీద ఎండు కొబ్బరాకులు పోగేసి, చాలక పాత చాపలు వేసి, ఇంకా చాలక గోడౌనులోంచి గోనెలు తెచ్చి అంటించారు. పొగ మేఘంలా లేచింది. పైడితల్లి పెళ్ళికూతురిలా కొంగు సర్దుకుంటూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. కిందికొచ్చి టీ గ్లాసు అందుకోబోయేసరికి గంటలు కొట్టుకుంటూ ఫైరింజను వచ్చేసింది. ఎవరో పొగ చూసి ఫోన్ చేశారు. ఇంకేముంది, గొట్టాలు విప్పారు, నీళ్ళు కొట్టారు. మంటారింది, టీ ఆరింది, పైడితల్లి నిలువునా తడిసింది. సరిగ్గా అప్పుడే ఇల్లు చూసి సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టడానికి హైమవతి జీపు దిగింది. గొట్టం ఆమె వైపు కూడా తిరిగింది.

"మంటలెలా వచ్చాయి?" అని జుట్టు పిండుకుంటూ అడిగింది.

"అమ్మ టీ తాగాలంది మేడం" అన్నాడు దాలినాయుడు.

హైమవతి టేపు తీసి గదులు కొలిచింది, కిటికీలు తెరిచి చూసింది, మెట్లెక్కి దిగింది. ఎక్కుతుంటే మజ్జి వారంతా నోళ్ళు నొక్కుకున్నారు గానీ ఆఫీసరు కదాని ఊరుకున్నారు. ఇంట్లో తప్పు పట్టడానికి ఒక్క అంగుళం దొరకలేదు. గోడలు నిటారుగా ఉన్నాయి. గాలి వస్తోంది, వెలుతురొస్తోంది. ఇల్లు మహా చక్కగా ఉంది. ఇక ఉండబోయే మనుషులంటారా, వాళ్ళెలా ఉండాలో పుస్తకంలో ఎక్కడా రాయలేదు. గోడకి కొలతలున్నాయి, గుమ్మానికి కొలతలున్నాయి. బుర్రకి మాత్రం ఏ ప్రభుత్వం కొలత పెట్టింది గనక?

సంతకం పెట్టబోతుంటే గౌరునాయుడు బల్ల మీంచి పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి హాల్లోకి దభీమని దూకాడు. హైమవతి ఉలిక్కిపడి, పళ్ళు బిగించి, కలం అదిమిపట్టి, సర్టిఫికెట్టు అడుగున సొంతంగా ఒక వాక్యం చేర్చింది: 'ఈ ఇంట్లో నివసించే ప్రతి ఒక్కరూ ప్రధాన ద్వారం గుండానే ఇంట్లోకి రావలెను. అలా రానివారికి ఈ ఇంట్లో నివసించే హక్కు లేదు.'

"అర్థమైందా?"

"రాసింది కదా మేడం, ఎందుకర్థం కాదు?" అన్నారు ముగ్గురూ.

ఆ మర్నాడే గృహప్రవేశం. ఒక్కొక్కరే, వరసలో, ప్రధాన ద్వారం గుండా వచ్చారు. అసిరమ్మ కుడికాలు లోపల పెట్టింది, ఆకాశం ఉరిమింది. ఎడమకాలు పెట్టింది, నడుం పట్టుకుని కూలబడింది. వానలూ నొప్పులూ ఒక్కసారే వచ్చాయి. పక్క వీధి నర్సమ్మ గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చింది. చూస్తుండగానే హాల్లోని మంచం మీద, కొత్త స్లాబు కింద, ఒక్క చుక్క తడి తగలకుండా ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమంది.

పైడితల్లి కళ్ళొత్తుకుంది. తవిటినాయుడు ఎగిరి గంతేశాడు. పరదేశమ్మ పంచదార పంచింది. దాలినాయుడు మాత్రం గోడకి మేకు కొట్టి పెట్టిన సర్టిఫికెట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. మొహం పాలిపోయింది.

"ఒరే తవిటీ. నీ కూతురు ప్రధాన ద్వారం గుండా రాలేదురా."

అందరూ సర్టిఫికెట్టు వైపు తిరిగారు.

"మరెటు నుంచి వచ్చినట్టు?" అన్నాడు గౌరునాయుడు.

నర్సమ్మకి పొలమారింది.

"ఎటు నుంచో వచ్చింది గానీ, అటు నుంచి రాలేదు. అలా రానివాళ్ళకి ఇక్కడుండే హక్కు నేదు. మేడం వస్తే బిడ్డని బయట పెట్టేస్తారు!" అన్నాడు దాలినాయుడు.

అసిరమ్మ బిడ్డని గుండెకి హత్తుకుని లేచి కూర్చుంది. "ఎవరు పెడతారు? ఇంత కష్టపడి స్లాబు వేయించుకున్నది ఎవరి కోసం?"

"ఒకపాలి బయటికి తీసుకెళ్ళి, మళ్ళీ గుమ్మంలోంచి తెచ్చేద్దాం" అన్నాడు తవిటినాయుడు.

"ఆ వానలోకా? చుక్క పడితే పుట్టింటికే. ముందే చెప్పాను!"

బయట కుండపోత. ఇక్కడ రూలు, అక్కడ వాన, మధ్యలో గుప్పెడంత బిడ్డ. నర్సమ్మ ఏదో అనబోయింది గానీ, పైడితల్లి చెయ్యెత్తి ఆపింది. ఆమె మొహంలో తెలివి వెలుగుతోంది.

"ఈ వానలో బిడ్డ ద్వారం దగ్గరికి పోకూడదు. మరి ద్వారం బిడ్డ దగ్గరికి రాకూడదని ఎక్కడైనా రాసుందా?"

ఎక్కడా లేదు. సర్టిఫికెట్టు తిప్పి కూడా చూశారు.

అంతే! గునపాలొచ్చాయి. దాలినాయుడు ఒక పక్క, గౌరునాయుడు ఒక పక్క పెళ్ళగించారు. పసుపూ కుంకం బొట్లతో, మావిడాకుల తోరణంతో, తలుపులతో, గొళ్ళేలతో సహా ద్వారబంధాన్ని గోడలోంచి ఊడబీకారు. మోసుకొచ్చి మంచం పక్కన నిలబెట్టారు. తలుపులు బార్లా తీశారు. అవతలి నుంచి పరదేశమ్మ బిడ్డని అందించింది, "కుడికాలు, కుడికాలు ముందు!" అని అందరూ అరిచారు, ఇవతల పైడితల్లి అందుకుంది. బిడ్డ ప్రధాన ద్వారం గుండా ఇంట్లోకి వచ్చేసింది. ఇక ఏ ఆఫీసరూ ఏమీ చెయ్యలేదు. నర్సమ్మ గొడుగు తీసుకుని గోడకి పడ్డ కంతలోంచి వానలోకి పరుగో పరుగు.

ఆ కంతలోంచే గాలొచ్చింది. గాలి వెనకే జల్లు, జల్లు వెనకే వీధి నీళ్ళు బుసబుసలాడుతూ హాల్లోకొచ్చేశాయి.

"వానొచ్చేస్తంది! తలుపెయ్యండిరా!" అని అరిచాడు దాలినాయుడు.

ముగ్గురూ ఉరికి హాలు మధ్యలో నిలబడ్డ తలుపు మూసేశారు. పై గడియ, కింద గడియ బిగించారు. చాలదని వీపులానించి నిలబడ్డారు. నీళ్ళు తలుపుకి ఇటూ అటూ తాపీగా నడుచుకుంటూ మోకాళ్ళ దాకా లేచాయి. మంచం మీద స్లాబు కింద పొడిగా పడుకున్న అసిరమ్మ, బిడ్డని పక్కలో వేసుకుని హాయిగా ఆవులించింది.

"ఒరే, తలుపు గట్టిగా వేశారా?" అంది పైడితల్లి.

"వేశామమ్మా."

"మరి ఈ నీళ్ళేటి?"

గౌరునాయుడు వంగి, నీళ్ళని అరచేత్తో తీసుకుని పరీక్షగా చూశాడు.

"ఇవి పాత నీళ్ళమ్మా. తలుపెయ్యక ముందు వచ్చినవి."

"అయితే అవతల పారబొయ్యండి. ఎంతసేపు తొక్కుతారు?"

అంతే, తలుపు కొంచెం తీశారు. అన్నదమ్ములు ముగ్గురూ చెంబులు పట్టుకుని, వాన వెలిసేదాకా, తలుపుకి ఇవతలున్న నీళ్ళు ముంచి అవతల పోస్తూనే ఉన్నారు. పోసిన ప్రతిసారీ, కొత్త నీళ్ళు రాకుండా గడియ వేస్తూనే ఉన్నారు.